యంత్రము మొరాయించినపుడు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

1959వ సంవత్సరమున మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించినారు. ఆ దినములలో పంచాయతీ కార్యాలయమనగా ఒక బల్ల, రెండు కుర్చీలు, రశీదు పుస్తకములు, ఒక సిరాబుడ్డి. కలము పాళీ విరిగినచో వేరొక పాళీ వేసికొనెడివారు. సిరా ఎండినచో రెండు చుక్కల నీరు కలుపుకొనెడివారు. పనిముట్టు చెడినదని చెప్పి ఊరివారి పని ఆపిన పెద్దను ఎవరును హర్షించెడివారు కారు.

నేడు కాలము మారినది. ఇంటిపన్ను రశీదు మొదలు మరణ ధ్రువపత్రము వరకు, బోరు మోటారు మరమ్మతు బిల్లు మొదలు వృద్ధుల పింఛను వరకు, అనేక పనులు కంప్యూటరు ద్వారమునో, చేతిలోని ఫోను ద్వారమునో నడచుచున్నవి. దీనివలన మేలు కలిగినదనుటలో సందేహము లేదు. మండల కేంద్రమునకు నాలుగు దినములు తిరిగిన పని కొన్ని నిమిషములలో ముగియుచున్నది. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ నిధుల జమాఖర్చులను గ్రామస్థుడు తన యింటనే కూర్చుండి చూడగలుగుచున్నాడు. కాని యంత్రము మొరాయించిన నాడు, కార్యాలయమున కూర్చున్నవారికి విసుగు మాత్రమే. బయట నిలుచున్నవారికి నష్టము. 2025 డిసెంబరులో ఎన్నికై, మొదటిసారి బాధ్యతలు వహించిన సభ్యులు అనేకులు ఈ విషయమును మాతో ప్రస్తావించినారు. వారి ఉపయోగార్థము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఒక గ్రామములో జరిగిన సంగతి

గత వేసవిలో మేము పాలమూరు ప్రాంతమున ఒక గ్రామమునకు పోయియుంటిమి. చౌకధరల దుకాణము ముందు అరువది యేండ్లు దాటిన ఒక అవ్వ ఖాళీ సంచితో కూర్చుండియున్నది. విచారింపగా, ఆమె వ్రేలిముద్ర యంత్రముపై పడుట లేదని తెలిసినది. ఫోనునకు వచ్చు అంకెలు చెప్పినను సరిపోవునని డీలరు అనెనట. ఆ ఫోను నంబరు ఆమె కుమారునిది. అతడు కుటుంబ పోషణకై ముంబై పోయి భవన నిర్మాణపు పనిలో నున్నాడు. అచట అతడు వేరొక సిమ్ తీసికొన్నాడు. పాత నంబరు పలుకుట లేదు. అవ్వ ఆ నెలలో అప్పటికి రెండు మారులు వచ్చి వట్టి సంచితో మరలిపోయినది. "మిషను నన్ను గుర్తు పట్టకపాయె బిడ్డా, మీరన్న గుర్తు పట్టున్రి" అని ఆమె అచటనున్న వార్డు సభ్యురాలితో అన్నది.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యపు పంపిణీ క్రింద మనిషికి 6 కిలోల బియ్యము లభించుచున్నది. ప్రభుత్వము బియ్యము పంపినది, డీలరు వద్ద నిల్వ యున్నది, కార్డు యున్నది, తీసికొనవలసిన మనిషియు ఎదుటనే యున్నది. అయినను పని జరుగలేదు. ఈ ఒక్క ఉదాహరణ చాలును. యంత్రపు దోషము మనిషి దోషము కాదు; యంత్రము పలుకనందున ఎవ్వరి హక్కును పోరాదు. ఈ సూత్రమును పంచాయతీ సభ్యుడు మొదట మనస్సున నిలుపుకొనవలెను.

దోషము ఎచట నున్నది?

మన నల్లగొండ, పాలమూరు రైతులకు బోరుబావి సంగతి చెప్పనక్కరలేదు. బోరు నీరు పోయనపుడు రైతు వెంటనే మోటారును పైకి తీయింపడు. మొదట కరెంటు ఉన్నదా యని చూచును. తరువాత ఫ్యూజు, స్టార్టరు, తీగ, పైపు వరుసగా చూచును. అన్నియు సరిగా నున్నప్పుడే భూమిలో నీరు తగ్గినదని తలచును. ఫోను, కంప్యూటరుల విషయమునను ఇదియే పద్ధతి. దోషము సాధారణముగా ఐదు తావులలో ఒకచోట నుండును: విద్యుత్తు, పరికరము, సిగ్నలు, సాఫ్టువేరు, దస్త్రము. ఈ ఐదింటిని ఇదే వరుసలో పరీక్షించినచో సగము చిక్కులు కార్యాలయములోనే తీరిపోవును. మిగిలినవాటిని ఎవరికి వ్రాయవలెనో స్పష్టమగును. "సర్వరు పని చేయుట లేదు" అను ఒక్క మాటతో అందరిని త్రిప్పి పంపుట తప్పును.

1. విద్యుత్తు

కంప్యూటరు నడుచుచుండగా కరెంటు హఠాత్తుగా పోయినచో వ్రాయుచున్న పని పోవుటయే గాక, లోపలి దస్త్రములు చెడిపోవు ప్రమాదము గలదు. కావున కార్యాలయపు కంప్యూటరునకు యు.పి.ఎస్. తప్పనిసరి. అందలి బ్యాటరీ కొన్ని యేండ్లకు బలహీనపడును. కరెంటు పోయిన మరునిమిషమే కంప్యూటరు ఆరిపోవుచున్నచో బ్యాటరీ మార్చవలసిన కాలము వచ్చినదని గ్రహింపవలెను. ఉరుములు, మెరుపులు గల సమయమున విద్యుత్తు తీగను, నెట్ తీగను గోడనుండి తీసివేయుట మేలు. స్విచ్చి కట్టినంత మాత్రమున చాలదు.

ఫోను బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. మన జిల్లాలలో ఎండలు 45 డిగ్రీలను తాకు దినములున్నవి. అనేక ఫోనులు 35 డిగ్రీల వేడిమి వరకే చక్కగా పనిచేయునట్లు తయారైనవి. ఎండలో మోటారుసైకిలు ముందుభాగమున పెట్టిన ఫోను, దిండు క్రింద చార్జింగు పెట్టిన ఫోను త్వరగా చెడును. ఫోను వేడెక్కి ఆగిపోయినచో నీడకు తెచ్చి, పైతొడుగు తీసి, గాలి తగులనీయవలెను. మంచుపెట్టెలో పెట్టరాదు, లోపల తడి పేరుకొనును. బ్యాటరీ ఉబ్బి ఫోను వెనుకభాగము పైకి లేచినచో, దానిని చార్జింగు పెట్టుట ప్రాణాపాయము. నొక్కి సరిచేయుటకుగాని పొడుచుటకుగాని ప్రయత్నింపక, మరమ్మతు తెలిసినవారికి అప్పగింపవలెను.

2. పరికరము

"చార్జింగు ఎక్కుట లేదు" అని దుకాణమునకు తెచ్చు ఫోనులలో చాలవాటికి మరమ్మతే అవసరముండదు. పత్తి పండించు గ్రామములలో జేబులోని నూగు, దుమ్ము చార్జింగు రంధ్రమున గట్టిగా పేరుకొనియుండును. ఫోనును పూర్తిగా ఆపి, పొడి పుల్లతో మెల్లగా తీసినచో తీగ మరల చక్కగా కూర్చుండును. ఇనుప సూదిని వాడరాదు.

నీటిలో పడిన ఫోనును బియ్యములో పాతిపెట్టుట వాడుకైనది. ఇది మంచి పద్ధతి కాదని ప్రసిద్ధ తయారీదారులే చెప్పుచున్నారు. బియ్యపు తవుడు రంధ్రములలో చేరును. వెంటనే ఆపివేసి, చార్జింగు పెట్టక, రంధ్రము క్రిందికి వచ్చునట్లు వంచి, గాలి తగులుచోట ఒకటి రెండు దినములు ఆరనిచ్చుట ఉత్తమము.

ఫోను మందగించుటకు ముఖ్యకారణము నిండిపోయిన జాగా. ప్రతి ఉదయము వచ్చు శుభోదయపు బొమ్మలు, పెండ్లిండ్ల వీడియోలు సంవత్సరము తిరుగునప్పటికి కోఠీ నిండిన గింజలవలె నిండును. అప్పుడు కొత్త ఫోటో దిగదు. పనిస్థలమున తీసిన ఫోటో పైకి పోదు. వాట్సాప్‌లో బొమ్మలు తమంతట తామే దిగకుండ ఆపు సౌకర్యము గలదు. దానిని ఆపి, పాతవాటిని తొలగింపవలెను. అందు పంచాయతీ పనుల ఫోటోలున్నచో ముందుగా కంప్యూటరునకు ఎక్కించుట మరువరాదు. ఇక వారమునకొకసారి ఫోనును పూర్తిగా ఆపి తిరిగి తెరచుట మంచి అలవాటు. ఎడతెగక నడచిన యంత్రములో సగము ముగిసిన పనులు పేరుకొనియుండును. ఆపి తెరచినచో అవి తుడిచిపెట్టుకొని పోవును.

3. సిగ్నలు

దేవరకొండ చుట్టుపట్ల గుట్టలనడుమ నున్న తండాలలోను, నల్లమల అంచు గ్రామములలోను సిగ్నలు చిక్కు అందరు ఎరిగినదే. ఇచట ఒక చిన్న పరీక్షను సభ్యులు నేర్చుకొనవలెను. కావలసిన పుట తెరచుకొననపుడు, అదే ఫోనులో వేరొక పుటను తెరచి చూడవలెను. వేరొకటియు తెరచుకొననిచో దోషము మన సిగ్నలులో నున్నది. వేరొకటి చక్కగా తెరచుకొని, కావలసినది మాత్రము తెరచుకొననిచో, వేరొక సంస్థ సిమ్ గల ఫోనులో ప్రయత్నింపవలెను. అందును రానిచో దోషము దూరముననున్న సర్వరులో నున్నది. అప్పుడు గ్రామస్థుని ఎండలో నిలువబెట్టుట వృథా. అతని కాగితములు తీసికొని, రశీదు వ్రాసి ఇచ్చి, పని అయినపిదప కబురు పంపుట ఉచితము. అందరు ఒకేసారి వాడు ఉదయపు వేళలలో సర్వరుపై భారము హెచ్చుగా నుండును. వేకువనో రాత్రియో ప్రయత్నించినచో అదే పని సులభముగా జరుగుట కలదు.

పనిస్థలమున సిగ్నలు లేనిచో, కొన్ని యాప్‌లు వివరములను ఫోనులోనే దాచియుంచి, సిగ్నలు దొరకిన చోట పంపగలవు. ఏ యాప్‌నకు ఆ సౌకర్యము గలదో కార్యదర్శిని అడిగి తెలిసికొనవలెను.

4. సాఫ్టువేరు

నల్లగొండ జిల్లాలో ఒక పంచాయతీయందు బోరు మోటారు బాగుచేసిన మేస్త్రీకి మూడు దినములుగా సొమ్ము అందలేదు. చెల్లింపు పుట తెరచినప్పుడెల్ల "ఈ అనుసంధానము సురక్షితము కాదు" అను హెచ్చరిక వచ్చుచున్నది. మేస్త్రీ రెండవ మోటారును ముట్టనని భీష్మించినాడు. ఒక వాడకు త్రాగునీరు ఆగిపోయినది. మేము పోయినపుడు చూడగా, కంప్యూటరులోని తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోయియున్నది. తేదీని సరిచేసిన నిమిషమున పుట తెరచుకొన్నది.

కారణమేమన, ప్రతి ప్రభుత్వ పుటకును ఒక గుర్తింపు పత్రముండును. దానికి ఆరంభ తేదీ, గడువు తేదీ యుండును. కంప్యూటరు తన గడియారమును చూచుకొని ఆ పత్రము చెల్లునా చెల్లదా యని తేల్చును. గడియారము తప్పైనచో మంచి పత్రము కూడ చెల్లనిదిగా కనిపించును. కరెంటు లేనప్పుడు గడియారమును నడుపుటకు కంప్యూటరు లోపల నాణెమంత బ్యాటరీ ఒకటి యుండును. చాల కంప్యూటరులలో అది 3 వోల్టులది. అది అయిపోయినచో ప్రతిదినము తేదీ వెనుకకు పోవును. ఆ బ్యాటరీ ఖరీదు స్వల్పము. దాని మూలమున ఆగు పని ఖరీదు స్వల్పము కాదు. అయితే తేదీ సరిగానున్నను అట్టి హెచ్చరిక వచ్చినచో, దానిని దాటి ముందుకు పోరాదు. అది నకిలీ పుట కావచ్చును.

ఇక డిజిటల్ సంతకపు కీ. తాళపుచెవి వంటి ఈ చిన్న పరికరము సర్పంచి సంతకముతో సమానము. దీనికిని గడువు గలదు. సాధారణముగా రెండు మూడేండ్లకు తీరిపోవును. గడువు తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసియుంచి, ఒక నెల ముందుగనే కొత్తదానికి దరఖాస్తు చేయవలెను. రహస్యపదమును పలుమార్లు తప్పుగా కొట్టినచో కీ మూసికొనిపోవును. రెండు మారులు తప్పినపిదప ఊహించి కొట్టక ఆగుట వివేకము. కీని, రహస్యపదమును ఇతరులకు అప్పగించుట ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చుటవంటిది. తెలియనందున ఇచ్చితిమని పిదప చెప్పిన సమాధానము నిలువదు.

అప్‌డేట్ చేయుమని ఫోను అడిగినప్పుడు చాలమంది భయపడుదురు. అప్‌డేట్ అనగా తయారీదారు తన తప్పును తాను దిద్దుకొనుట. పెద్దవారికిని తప్పులు వచ్చునని చెప్పుటకు మన భాషకు సంబంధించిన ఉదాహరణమే యున్నది. 2018 ఫిబ్రవరిలో తెలుగునందలి "జ్ఞా" అను అక్షరము ఒక ప్రత్యేక రూపమున సందేశములో వచ్చినచో ఆపిల్ సంస్థ ఐఫోనులలోని యాప్‌లు మూతపడిపోయినవి. ప్రపంచమంతట ఈ వార్త ప్రాకినది. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ అప్‌డేట్ విడుదల చేసి దోషమును తొలగించినది. అది వేసికొన్నవారికి చిక్కు తీరినది. అప్‌డేట్‌ను ఫోనులోని అసలు యాప్ దుకాణము నుండియో, సెట్టింగుల నుండియో మాత్రమే తీసికొనవలెను. అంతకుముందు బ్యాటరీ సగమునకు మించి యున్నదో లేదో చూచుకొనవలెను. కార్యాలయపు పని నడుచు వేళలందు మొదలుపెట్టరాదు.

తెలుగు దస్త్రములతో మరియొక చిక్కు కలదు. ఇచట చక్కగా కనిపించిన తీర్మానము మండల కార్యాలయమున తెరచినచో అర్థములేని గుర్తులుగా కనిపించును. పూర్వము ముద్రణకై వాడిన ఫాంటులు ఆంగ్లాక్షరములకు తెలుగు ముసుగు వేసినట్టివి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ముసుగు తొలగిపోవును. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణముననే తెలుగు అక్షరములకు స్వంత స్థానములు లభించినవి. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు నేటి ఫోనులన్నింటను కనిపించును, వెదకిన దొరకును. కావున తీర్మానములు, నోటీసులు యూనికోడ్‌లోనే వ్రాయుడని కార్యదర్శికి చెప్పవలెను.

5. దస్త్రము

అన్నిటికంటె మొండి దోషము దస్త్రమునందలి దోషము. ఇది ఎంత మంచి ఫోను కొన్నను తీరదు.

యెల్లయ్య అను పేరును ఆంగ్లములో ఒకచోట "వై"తోను, మరియొకచోట "ఈ"తోను వ్రాయుదురు. లక్ష్మి అను పేరున ఒకరు "ఎక్స్" అక్షరము వేయుదురు, మరియొకరు "కె, ఎస్, హెచ్" అక్షరములు వేయుదురు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా నుండును. వేరొకచోట ఒక్క అక్షరమే యుండును. మనుష్యుడు చూచినచో ఇరువురు ఒక్కరే యని తెలియును. కంప్యూటరు అక్షరమును అక్షరముతో పోల్చును గాని మనిషిని చూడదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. 2019లో నారాయణపేట జిల్లా తోడైనది. కొందరి ఆధార్‌లో పాత జిల్లా పేరు, బ్యాంకు పుస్తకమున కొత్త జిల్లా పేరు ఉండుటచే దరఖాస్తులు ఆగుట కలదు.

భూమి దస్త్రములది మరింత జాగ్రత్త వలసిన విషయము. 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది. పేరు తప్పు, విస్తీర్ణము తప్పు ఫోనులో దిద్దదగినవి కావు. దరఖాస్తు వ్రాసి, ఆధారములు జతపరచి, రెవెన్యూ అధికారులకే సమర్పింపవలెను. "పది నిమిషములలో మార్చి పెట్టెదము" అని సొమ్మడుగు దళారిని నమ్మరాదు.

ఫోను నంబరు విషయము అవ్వ కథలో చూచితిమి. వలసపోవు కుటుంబములు హెచ్చుగా గల మన ప్రాంతమున ఇది ఇంటింటి చిక్కు. 90 దినములపాటు ఏ విధముగను వాడని నంబరు నిలిపివేయబడవచ్చును. కొంతకాలమునకు అదే నంబరు పరాయివానికి చేరవచ్చును. అప్పుడు అవ్వ రేషనుకు రావలసిన అంకెలు, బ్యాంకు సందేశములు ఎవరో తెలియని వానికి పోవును. కావున ఊరిలో నుండు కోడలిదో, మనుమరాలిదో నంబరును ఆధార్‌నకును, బ్యాంకునకును ఎక్కించుట మేలు. ఆధార్ కేంద్రమున ఈ మార్పు చేయుదురు. సందేహములకు 1947 అను ఉచిత నంబరునకు తెలుగులోనే మాట్లాడవచ్చును.

అరిగిన వ్రేళ్లు

నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్లు కొట్టిన చేతులపై గీతలు అరిగిపోవుట సహజము. ఇది దోషము కాదు. కష్టపడి బ్రతికినందుకు గుర్తు. మొదట చేతులు కడిగి తుడిచి, మరీ పొడిబారినచో కొద్ది తడి చేసి ప్రయత్నింపవలెను. యంత్రపు అద్దమును మెత్తని బట్టతో తుడువవలెను. బొటనవ్రేలు పడనిచో మిగిలిన వ్రేళ్లను వరుసగా ప్రయత్నింపవలెను; ఉంగరపు వ్రేలి గీతలు పలువురికి తక్కువగా అరిగియుండును. అదియు కానిచో కంటిపాపను చూచు యంత్రము, ఫోనునకు వచ్చు అంకెలు అను మార్గములు గలవు.

ఇవన్నియు విఫలమైనచో? ఆధార్ సంస్థయే 2017 అక్టోబరు 24న జారీచేసిన ఉత్తరువులో, వ్రేలిముద్ర పడలేదను కారణముచే అర్హులకు రేషను మొదలగు సహాయములను నిరాకరింపరాదని, వేరు ఏర్పాటు చేసి ఇచ్చి, ఆ సంగతిని పుస్తకమున నమోదు చేయవలెనని తెలిపినది. ఈ సంగతి తెలిసిన సభ్యుడు డీలరుతో తగవు పడనక్కరలేదు. నిదానముగా చెప్పి, పుస్తకమున వ్రాయించి, కావలసినచో పౌరసరఫరాల అధికారికి తెలియజేసిన చాలును.

మోసమును గుర్తించుట

చిక్కులో నున్నవాని దగ్గరకే మోసగాడు వచ్చును. "మీ ఖాతా ఆగినది, అంకెలు చెప్పుడు" అని ఏ బ్యాంకును ఫోనులో అడుగదు. పింఛను, రైతు సహాయము, వాహన జరిమానా పేర్లతో వాట్సాప్‌లో ఏ.పి.కె. అను తోకగల ఫైలు వచ్చినచో తెరువరాదు. అది ఫోనులో దూరి సందేశములను దొంగిలించును. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనరాదు. వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన, పోయిన సొమ్మును ఏదో ఒక ఖాతాలో ఆపుట కంత అవకాశము.

ఫోను పోయినచో సిమ్ ఆపించి, పోలీసులకు దరఖాస్తు ఇచ్చి, సంచార్ సాథీ ద్వారా ఆ ఫోనును ఎచటను పనిచేయకుండ కట్టడి చేయింపవచ్చును. ఇందుకు ఫోనునకు గల 15 అంకెల సంఖ్య కావలెను. ఫోను చేతిలో నున్నప్పుడే *#06# నొక్కినచో అది కనిపించును. నేడే దానిని ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో దాచుకొనుడు.

పంచాయతీ చేయదగిన పనులు

పై సంగతులు తెలిసియుండుట చాలదు. వాటికి ఒక ఏర్పాటు కావలెను. మేము చూచిన గ్రామముల అనుభవమును బట్టి నాలుగు పనులను సూచించుచున్నాము.

మొదటిది, చిక్కుల పుస్తకము. ఒక సాధారణ నోటుపుస్తకమున ఆరు గడులు గీయుడు: తేదీ, పేరు, ఏ పని, ఐదు తావులలో దోషము ఎచట, ఏమి చేసితిమి, తీరిన తేదీ. ఆధార్ సంఖ్యలు, రహస్యపదములు, ఫోనునకు వచ్చిన అంకెలు అందు వ్రాయరాదు. ఈ పుస్తకమును నెలనెలా సమావేశమున చదువవలెను. ఒకే దోషము పదిమందికి వచ్చినచో అది వారి వారి కర్మ కాదు, వ్యవస్థ దోషము. తేదీలతో, పేర్లతో వ్రాసిన ఉత్తరమునకు పై అధికారులు సమాధానము చెప్పక తప్పదు. "సర్వరు రాదు" అని నోటితో చెప్పిన ఫిర్యాదు గాలిలో పోవును.

రెండవది, వారమున ఒక పూట. ఆ పూట కార్యదర్శియు, చదువుకొన్న యువతీయువకులు ఇద్దరును కార్యాలయమున కూర్చుండి, వృద్ధుల ఫోను చిక్కులను చూడవలెను. సహాయము చేయువారు రహస్యపదమును అడుగరాదు; సొమ్ము చెల్లించు యాప్‌ను తామై తెరువరాదు. ఫోను యజమాని ఎదుటనే, యజమాని చేతనే నొక్కింపవలెను.

మూడవది, వలసపోవు కుటుంబముల జాబితా. వారు బయలుదేరుటకు ముందే ఇంటి పెద్దల దస్త్రములలో ఏ నంబరు గలదో విచారించి, మార్చవలసినచో మార్పింపవలెను.

నాల్గవది, గ్రామసభలో పది నిమిషములు. 1930, 1947 అను రెండు నంబర్లను కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

అవ్వ సంగతి చెప్పి ముగింతుము. ఆ వార్డు సభ్యురాలు ఆమెను ఇంటికి పంపలేదు. చేతులు కడిగించి, వ్రేళ్లన్నియు వరుసగా పెట్టించినది. ఏదియు పడలేదు. అప్పుడు డీలరును అడిగి, బల్లక్రింద దుమ్ముపట్టియున్న కంటిపాప యంత్రమును బయటికి తీయించినది. రెండవమారు పెట్టగనే యంత్రము పలికినది. అవ్వ సంచి నిండినది. మరుసటి వారమున ఆమెను, కోడలిని ఆధార్ కేంద్రమునకు తీసికొనిపోయి నంబరు మార్పించినది. దీనికి పట్టిన కాలము మొదటి దినమున అరగంట, రెండవ దినమున ఒక పూట. ఇందు పెద్ద చదువు అవసరము కాలేదు. త్రిప్పి పంపరాదను పట్టుదల అవసరమైనది.

యంత్రములు ఇంకను మారును. నేటి యాప్ రేపు ఉండదు. కాని దోషము ఎచటనున్నదో వరుసగా వెదకు అలవాటు, వెదకునంతవరకు ఎదుటి మనిషికి న్యాయము ఆగకుండ చూచు బాధ్యత మారవు. యంత్రము తన ఊరివారిని గుర్తు పట్టలేకపోయిన నాడు, వారిని గుర్తు పట్టవలసినది వారు ఎన్నుకొన్న పంచాయతీయే.